బదులు పలికిన గది: మేవిస్ స్టేపుల్స్ షికాగో కచేరీ

అందరికీ నమస్కారం.

వాన పడేలా ఉన్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందుగా ఒక మాట. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. మైకులు పెట్టేవాణ్ణి. శ్రీరామనవమి పందిళ్ళ దగ్గర మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళుగా ఇదే నా పని. అందుకని ఈ రికార్డు గురించి రాగాల లెక్కలో చెప్పలేను. పాడే మనిషి ఎక్కడ నిలబడింది, వినేవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారు, వాళ్ళకీ ఆవిడకీ మధ్య ఏం జరిగింది, ఆ లెక్కలో చెబుతాను.

దానికి ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. నేను పనిలోకి కొత్తగా వచ్చిన రోజులు. నవమి పందిట్లో హరికథ. దాసుగారిది పెద్ద పేరు. మిక్సర్ నుంచి టేప్‌రికార్డర్‌కి నేరుగా వైరు కలిపి మూడు గంటల కథ క్యాసెట్లకి ఎక్కించాను. గొంతు, వయొలిన్, మృదంగం, కాలి గజ్జెలు, చిడతలు అన్నీ శుభ్రంగా వచ్చాయి. మర్నాడు పొద్దున్నే మా మేనత్త ఇంటి అరుగు మీద పెట్టి గర్వంగా వినిపించాను. అత్తయ్య కాసేపు విని, "బాగానే ఉందిరా, కానీ ఇందులో మేమెవ్వరం లేమేంట్రా?" అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ వేసి విన్నాను. దాసుగారు "శ్రీమద్రమారమణ గోవిందో" అని అందుకుంటారు. పందిరంతా ఒక్క గొంతుతో "హారి" అనాలి. రాత్రి అన్నారు కూడా, పక్క వీధికి వినపడేలా. క్యాసెట్‌లో మాత్రం ఆయన అందుకోవడం, తర్వాత రెండు క్షణాలు ఏమీ లేకపోవడం, మళ్ళీ ఆయనే. జనం వైపు ఒక్క మైకూ పెట్టలేదు నేను. పెట్టాలని కూడా తోచలేదు. ఆ రోజు నుంచి ఏ కచేరీ రికార్డింగు విన్నా నా చెవి మొదట వెతికేది ఆ రెండు క్షణాలనే.

ఈ రోజు మీకు వినిపించబోయే రికార్డు ఆ రెండు క్షణాలు నిండుగా ఉన్నది. పేరు 'లైవ్: హోప్ ఎట్ ది హైడౌట్'. పాడినావిడ మేవిస్ స్టేపుల్స్, అమెరికా నల్లజాతి గాయని. 2008 జూన్ 23న అమెరికాలో షికాగో నగరంలో, హైడౌట్ అనే చోట రికార్డు చేశారు. అప్పటికి ఆవిడకి 68 ఏళ్ళు, ఇంకో పదిహేడు రోజుల్లో 69 వస్తాయి. పాడటం మొదలుపెట్టి అరవై ఏళ్ళు.

హైడౌట్ అంటే పెద్ద ఆడిటోరియం అనుకోకండి. ఫ్యాక్టరీలు, గోడౌన్లు ఉండే వీధిలో పాతకాలం ఇల్లులాంటి చిన్న బార్. వెనక గదిలో స్టేజి. మహా అయితే వందా, నూట యాభై మంది పడతారు. దేశాధ్యక్షుల ముందు, స్టేడియంల నిండా జనం ముందు పాడిన మనిషి సొంత ఊళ్ళో రికార్డింగ్ కోసం ఆ గదికి వచ్చింది. మైకులవాడిగా నాకిది ఎంత మంచి నిర్ణయమో చెప్పాలని ఉంది. పెద్ద మైదానంలో పాడేవాళ్ళకి జనం చప్పట్లు ఆలస్యంగా చేరతాయి. శబ్దం సెకనుకి 340 మీటర్లే కదా పోయేది. వంద మీటర్ల అవతల ఉన్నవాడు పాట వినేసరికి సెకనులో మూడో వంతు గడిచిపోతుంది, అతను కొట్టిన చప్పట్లు తిరిగి స్టేజికి చేరడానికి ఇంకో మూడో వంతు. తాళం తప్పకుండా ఎలా ఉంటుంది? అందుకే పెద్ద సభల రికార్డింగుల్లో జనం అంటే ఒక హోరు, అంతే. చిన్న గదిలో అలా కాదు. కప్పు ఎత్తు తక్కువ, నిండా మనుషులు. మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి, ప్రతిధ్వని ఉండదు. ఎవరు ఎక్కడ కేక వేశారో విడివిడిగా వినపడుతుంది. పాడేవాళ్ళకి కూడా వినపడుతుంది. అదీ అసలు సంగతి.

ఆ రాత్రి వాద్యాలు చాలా తక్కువ. గిటార్ రిక్ హోమ్‌స్ట్రామ్, బేస్ జెఫ్ టర్మ్స్, డ్రమ్స్ స్టీఫెన్ హాడ్జెస్. వెనక వంత పాడేవాళ్ళు ముగ్గురు, అందులో ఒకరు మేవిస్ అక్క యివాన్. బాకాలు లేవు, ఆర్గన్ లేదు. ఇంత తక్కువ మందితో పాడితే దాక్కోవడానికి చోటుండదు. గొంతులో ఎక్కడ జీర ఉందో, ఎక్కడ ఊపిరి అందలేదో అన్నీ బయటపడతాయి.

ఆ గిటార్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. ఒకసారి వినండి.

(గిటార్ ముక్క వినిపించారు.)

విన్నారా, తీగని ఒక్కసారే మీటాడు, కానీ శబ్దం నిలకడగా లేదు. చెరువులో దీపం నీడ కదిలినట్టు వణుకుతూ ఉంది. దాన్ని ట్రెమొలో అంటారు. యాంప్లిఫయర్‌లో ఒక చిన్న సర్క్యూట్ శబ్దాన్ని సెకనులో కొన్నిసార్లు పెంచి తగ్గిస్తూ ఉంటుంది. ఈ వణుకు మేవిస్ నాన్నగారిది. ఆయన పేరు రోబక్ స్టేపుల్స్, అందరూ 'పాప్స్' అనేవాళ్ళు. 1914లో మిసిసిపీలో పుట్టారు. చిన్నప్పుడు డాకరీ అనే పెద్ద పత్తి ఎస్టేటులో కూలిపని. అదే ఎస్టేటులో చార్లీ పాటన్ అనే బ్లూస్ పాటగాడు ఉండేవాడు. బ్లూస్ అంటే అక్కడి నల్లజాతివాళ్ళ కష్టసుఖాల పాట. బ్లూస్ చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీల్లో వచ్చే పేరది. పాప్స్ ఆయన్ని చూసి, విని గిటార్ నేర్చుకున్నారు. 1936లో షికాగో చేరి కబేళాల్లో, మాంసం కంపెనీల్లో పనిచేశారు. కొన్నాళ్ళు గిటార్ ముట్టుకోలేదు.

తర్వాత ఒక చర్చి పాటల బృందంలో చేరారు. రిహార్సల్‌కి ఒకరోజు ఇద్దరొస్తారు, ఇంకోరోజు ఒకరొస్తారు. విసుగొచ్చి ఇంటికొచ్చేసి, తాకట్టు కొట్లో కొన్న గిటార్ తీసి, పిల్లల్ని నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరు ఏ స్వరం పాడాలో నేర్పడం మొదలుపెట్టారు. 1948లో ఆ పిల్లల్ని చర్చిలో పాడించారు. జనం మళ్ళీ మళ్ళీ పాడమన్నారు. వాళ్ళకి సరిగ్గా వచ్చింది అదొక్క పాటే, దాన్నే తిరిగి తిరిగి పాడారు. ఆ పాట 'విల్ ది సర్కిల్ బీ అన్‌బ్రోకెన్'. కుటుంబంలో వాళ్ళు ఒక్కొక్కరూ వెళ్ళిపోయినా ఆ వలయం తెగకుండా ఉంటుందా అని అడిగే భక్తిగీతం. హైడౌట్ రికార్డులో పదకొండో పాట అదే. పాప్స్ 2000 డిసెంబరులో పోయారు. 2008లో ఆ పాట పాడుతున్న మేవిస్ వెనక ఆయన వణుకుడు గిటార్ వేరే మనిషి చేతుల్లోంచి వస్తుంది. పక్కన అక్క ఉంది. నేను ఈ పాట కారు నడుపుతూ వినను.

ఇక ఆవిడ గొంతు. 1956లో ఈ కుటుంబం 'అన్‌క్లౌడీ డే' అనే రికార్డు చేసింది. అందులో అడుగు స్థాయిలో మంద్రంగా పాడినది మేవిస్. వయసు పదహారు, పదిహేడు. రేడియోలో విన్నవాళ్ళు అది ఎవరో బాగా పెద్దావిడ గొంతో, మగవాడి గొంతో అనుకునేవాళ్ళు. అంత బరువైన గొంతు. హైడౌట్ నాటికి ఆ గొంతు ఇంకా కిందికి దిగింది, గరుకెక్కింది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట కొన్నిసార్లు వెళ్ళదు, మూలుగుతుంది. ఆ మూలుగు చర్చిలో ప్రార్థన ముదిరినప్పుడు పెద్దవాళ్ళు చేసేది, దానికి మాటలుండవు. నాకు తెలిసిన కొందరు సంగీతం బాగా తెలిసినవాళ్ళు ఈ రికార్డు విని, "గొంతు అయిపోయింది కదండీ" అన్నారు. నేను ఒప్పుకోను. వయసులో ఉన్న గాయకులు చాలామంది వరస మొత్తం తామే నింపేస్తారు. ఈవిడ సగం వరస పాడి ఆగుతుంది. ఆ ఆగిన చోటు గదిది. వంత గొంతులు అందుకుంటాయి, గిటార్ అందుకుంటుంది, జనం అందుకుంటారు. మన బుర్రకథలో కథకుడు మాట వదిలితే వంతలు పట్టుకోవడం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు పొలాల్లో, చర్చిల్లో నిలబెట్టుకున్న పద్ధతి ఇది. ఒకరు పిలుస్తారు, మిగతావాళ్ళు పలుకుతారు. పొలంలో పని పాట అయినా, చర్చిలో గాస్పెల్ అనే భక్తిపాట అయినా, బార్‌లో బ్లూస్ అయినా అదే అమరిక. బ్లూస్‌లో ఒక్కడే ఉంటే గొంతు పిలుస్తుంది, సొంత గిటారే పలుకుతుంది. సోల్ అంటే ఆ గాస్పెల్ పాడే తీరుతోనే లౌకికమైన మాటలు పాడటం. స్టేపుల్స్ కుటుంబం ఈ మూడింటి మధ్యా గోడ కట్టలేదు. చర్చివాళ్ళు కొందరు బ్లూస్ గిటార్ దయ్యం సంగీతం అని కోప్పడినా పాప్స్ వినలేదు.

వాళ్ళ జీవితం మలుపు తిరిగింది 1960ల మొదట్లో. అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో ఉన్నప్పుడు నల్లజాతివాళ్ళ హక్కుల ఉద్యమం నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం వినడానికి వెళ్ళారు. హోటల్‌కి తిరిగొచ్చాక పాప్స్ పిల్లల్ని పిలిచి, ఆయన ఈ మాటలు చెప్పగలిగినప్పుడు మనం వీటిని పాడగలం అన్నారు. అప్పటి నుంచి వాళ్ళ పాటలు ఉద్యమం పాటలు. 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్ళో తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్ని హైస్కూల్లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆ పిల్లల్ని తలుచుకుని పాప్స్ ఒక పాట రాశారు, మమ్మల్ని ఎందుకింత హీనంగా చూస్తారు అని. కింగ్‌కి ఎంతో ఇష్టమైన పాట అది. సభకి ముందు పాప్స్ దగ్గరికొచ్చి, ఈ రాత్రి నా పాట పాడుతున్నారా అని అడిగేవారట. హైడౌట్‌లో ఏడో పాట.

దాని వెంటే ఎనిమిదోది, 'ఫ్రీడమ్ హైవే'. ఈ పాటకి రెండు రికార్డింగులున్నాయి నా దగ్గర, రెండూ జనం మధ్య చేసినవే, రెండూ షికాగోలోనే. వాటి మధ్య 43 ఏళ్ళు.

మొదటిది 1965 ఏప్రిల్ 9. ఆ మార్చి 7న అలబామాలోని సెల్మా ఊళ్ళో వంతెన మీద ఓటు హక్కు అడిగినవాళ్ళని పోలీసులు లాఠీలతో కొట్టారు. మార్చి 21న మళ్ళీ బయలుదేరి 54 మైళ్ళు నడిచి 25న మాంట్‌గోమరీ చేరారు. ఆ నడక మీదే పాప్స్ ఈ పాట కట్టారు. నడక ముగిసిన పదిహేను రోజులకి షికాగోలో న్యూ నాజరెత్ చర్చిలో పాడారు. ఆ రికార్డింగ్ మొదట ముక్కలుగానే బయటికొచ్చింది, 2015లో పూర్తిగా విడుదల చేశారు. అందులో చప్పట్లు వినండి.

(1965 రికార్డింగ్ వినిపించారు.)

చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో గమనించారా? మనం భజనలో చప్పట్లు మొదటి దెబ్బ మీద కొడతాం. తాళం అక్కడ మొదలవుతుంది కాబట్టి చెయ్యి దానంతటదే పడుతుంది. వీళ్ళు మొదటి దెబ్బ వదిలేస్తారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటే రెండు మీద, నాలుగు మీద. అంటే పాట అడుగు వేసి ముందుకెళ్తే జనం చెయ్యి వెనక నుంచి తోస్తుంది. ఆ చర్చిలో డ్రమ్స్ ఉన్నాయి, కానీ పాటని నడుపుతున్నది డ్రమ్స్ కాదు. కొట్టినవాళ్ళలో ఎంతమంది చుట్టాలు ఆ దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకా ఓటు లేకుండా ఉన్నారో! షికాగో నల్లజాతి పేటల్లో దాదాపు ప్రతి ఇల్లూ మిసిసిపీ నుంచో, ఆ చుట్టుపక్కల నుంచో వచ్చిందే. ఆ చెయ్యి అంత గట్టిగా పడటానికి కారణం అది. ఓటు హక్కు చట్టం మీద సంతకం పడింది ఆగస్టులో, ఈ పాట పాడిన నాలుగు నెలలకి.

రెండోది హైడౌట్‌ది. 1965లో మేవిస్‌కి పాతికేళ్ళు, పక్కన నాన్న, అన్నయ్య, అక్క. 2008లో నాన్న లేరు, ముందు నిలబడి పాడేది తనొక్కతే. నిలబడి వింటున్నది బార్‌కి వచ్చిన జనం, చాలామంది ఆ నడక తర్వాత పుట్టినవాళ్ళు. అయినా ఆ చప్పట్లు మళ్ళీ రెండు మీద, నాలుగు మీద. నేను మొదటిసారి ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి విన్నప్పుడు కాసేపు మెషీన్ ఆపేసి కూర్చున్నాను.

ఇక మూడో పాట. 'డౌన్ ఇన్ మిసిసిపీ'. జె.బి. లెనోర్ అనే బ్లూస్ కవిది. ఆయన 1960ల్లో జాతి వివక్ష మీద పేర్లు పెట్టి మరీ పాడిన ధైర్యవంతుడు, 1967లోనే పోయాడు. ఆ పాట మధ్యలో మేవిస్ తన సొంత కథ కలుపుతుంది. చిన్నప్పుడు కొన్నాళ్ళు మిసిసిపీలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. దాహం వేసి నీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్తే అమ్మమ్మ ఆపేసింది, ఆ నీళ్ళు నువ్వు తాగకూడదు, అదిగో ఆ బోర్డు చూడు, నీది అవతలిది అని. తర్వాత కింగ్ వచ్చి ఆ బోర్డులన్నీ పీకించాడు అని పాడుతుంది.

కథ ఇంతే. నాలుగు వాక్యాలు. కానీ ఆవిడ దాన్ని చెప్పే తీరు చూడండి. డ్రమ్స్ గుండె కొట్టుకున్నట్టు నెమ్మదిగా ఒకే దరువు. గొంతు పెంచదు. మనింట్లో పెద్దావిడ అన్నం కలుపుతూ పాత సంగతి చెబుతున్నట్టు చెబుతుంది. బోర్డు మాట వచ్చినప్పుడు కోపం లేదు, ఆ చిన్నపిల్లకి కలిగిన అయోమయం ఉంది. నీళ్ళకి బోర్డేంటి అని. మనలో నీళ్ళ దగ్గర ఆగమనిపించుకున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఆపిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి ఎవరైనా పోస్తారేమో అని చూసిన తరం ఇంకా బతికే ఉంది. అందుకే ఈ పాట దగ్గర నాకు భాష అడ్డం రాలేదు.

పాట వేసే ముందు రికార్డు విడుదల గురించి ఒక మాట. జూన్‌లో పాడారు. ఆ నెల మొదట్లోనే షికాగో మనిషి బరాక్ ఒబామా అధ్యక్ష పదవికి డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి అవడం ఖాయమైంది. రికార్డు బయటికి వచ్చిన తేదీ 2008 నవంబరు 4. పోలింగ్ రోజు. ఆ రాత్రి ఒబామా గెలిచి అదే షికాగోలో గ్రాంట్ పార్కులో మాట్లాడారు. రికార్డు పేరులో 'హోప్' అని ఉంది కదా, ఆశ. ఆ మాట అప్పుడు ఆ ఊళ్ళో గోడ గోడకీ ఉంది. అయితే పాడినవి మాత్రం కొత్త గెలుపు పాటలు కావు. దాదాపు అన్నీ నడిచి, దెబ్బలు తిన్నవాళ్ళ పాటలే. అది నాకు నచ్చింది. రికార్డుకి గ్రామీ నామినేషన్ వచ్చింది, అవార్డు రాలేదు. మొదటి గ్రామీ 2011లో అందుకుంది, జెఫ్ ట్వీడీ అనే షికాగో సంగీతకారుడితో చేసిన తర్వాతి ఆల్బమ్‌కి. అప్పటికి 71 ఏళ్ళు.

(పాట వినిపించారు.)

సమయం అయిపోతోందంటున్నారు. చివరి పాట గురించి చెప్పి వేసేస్తాను. 'ఐల్ టేక్ యూ దేర్'. 1972లో అమెరికాలో నంబర్ వన్ అయిన పాట. అలబామాలో మజిల్ షోల్స్ స్టూడియోలో చేశారు. దీంట్లో చరణాలు దాదాపు లేవు, మొత్తం పిలుపూ పలుకే. పాత స్టూడియో రికార్డులో మధ్యలో మేవిస్ "డాడీ" అని పిలుస్తుంది, వెంటనే గిటార్ పలుకుతుంది. విన్నవాళ్ళు అది పాప్స్ గిటారే అనుకుంటారు. నిజానికి వాయించింది ఎడ్డీ హింటన్ అనే స్టూడియో గిటారిస్టు. స్టూడియోలో అలా కుదురుతుంది, అందులో తప్పేమీ లేదు, పాట అద్భుతంగా ఉంది. హైడౌట్‌లో మాత్రం ఆవిడ ఎవరిని పిలిచినా, పలికింది ఎదురుగా ఉన్నవాళ్ళే. వంత సరిపోదన్నట్టు గది మొత్తం అందుకుంటుంది. మా అత్తయ్య ఉంటే ఈ రికార్డు వినిపించేవాణ్ణి.

వంత గొంతుల్లో యివాన్ కూడా ఉంది. ఆవిడ 2018లో చనిపోయింది. ఆవిడకి ముందే పెద్దక్క క్లియోథా, తర్వాత 2021లో అన్నయ్య పర్విస్ వెళ్ళిపోయారు. ఆ నేల మీద గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేవిస్ ఒక్కతే.

వెనక కూర్చున్నవాళ్ళకి వినపడటానికి స్పీకరు కొంచెం పెంచుతున్నాను. మీ వైపు కూడా ఒక మైకు పెట్టాను, అదిగో కిటికీ పక్కన. చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టండి. రెండు మీద, నాలుగు మీద.